బొమ్మల మీద వాన

“అంతా బాగానే ఉంది గానీ, వాన లేని జలప్రళయం ఏంటండీ మేస్టారూ?” అన్నాడు గౌస్ బాషా.

జయరావు మేస్టారికి చురుక్కుమంది.

ఎనభై ఏడు క్రిస్మస్‌కి బైబిల్లోని నోవహు ఓడ కథను బొమ్మలాటగా ఆడించి, వీడియో తీసి, చర్చిలో టీవీ పెట్టి చూపిస్తానని ఊరంతా చాటుకున్నాడాయన. గౌస్ బాషా గుంటూరులో పెళ్లి వీడియోలు తీసే మనిషి. పదకొండింటి బస్సుకి ఇంకో పెళ్లికి పోవాలి. ఈలోగా ఎంత తీస్తే అంతే.

మేస్టారి తెలివిని తక్కువ చేయకూడదు. పత్తిపింజలు దారాలకు కట్టి మబ్బులు వేలాడదీశాడు. ఇంటి కప్పు రేకు ఒకటి ఊపించి ఉరుము పుట్టించాడు. భార్య నీలం చీరను అటొకరు ఇటొకరు పట్టుకుని ఊపితే సముద్రం. పాత మేజోడుతో కుట్టిన నోవహుకు కొబ్బరి పీచు గడ్డం.

చర్చి ముందు కట్టిన తెర వెనక ఎనిమిది మంది సండేస్కూలు పిల్లలు, బొమ్మలు తొడిగిన చేతులు పైకెత్తి కూర్చున్నారు. నోవహును ఆడించేది మేస్టారి కూతురు దేవకుమారి.

వాన దగ్గరే పేచీ వచ్చింది. చెంబుతో చల్లితే నోవహుకు స్నానం చేయించినట్టుందే తప్ప వానలా లేదు.

“సన్నగా పడాలండీ. ఎండ మన వెనకుంది కదా, సన్నగా పడితే ఇంద్రధనుస్సు కూడా వస్తుంది,” అన్నాడు గౌస్ బాషా.

ఇంద్రధనుస్సు! నోవహు కథ ముగిసేదే దానితో. మేస్టారికి ఇంక కాళ్లు నిలవలేదు. పక్కింటి రైతు అంకమ్మరావు వసారాలోంచి, పత్తికి మందు కొట్టే డబ్బా అడిగి తెచ్చాడు. తనే సబ్బు పెట్టి కడిగి మంచినీళ్లు నింపాడు.

చర్చి బోరింగు దగ్గర ఎవరో కూలిమనిషి కుండతో నిలబడి ఇదంతా చూస్తున్నాడు. పత్తి తీతకు మెట్టూళ్ల నుంచి వచ్చిన బాపతు.

“సారూ, అది మందు డబ్బా కదా?”

“కడిగాం లేవయ్యా.”

“ఎంత కడిగినా వద్దు సారూ. పిల్లల నెత్తిన పడుద్ది.”

“పోసింది మంచినీళ్లే. పక్కకు జరుగు, నీ నీడ పడుతోంది.”

అతను జరగలేదు.

“చెంబుతోనే చల్లుకోండి సారూ. బొమ్మల వాన ఎట్టుంటే ఏంది?”

గౌస్ బాషా ఫక్కున నవ్వాడు. ఆ నవ్వు మేస్టారికి గుచ్చుకుంది.

“వీడియో తీయడం నువ్వు నాకు నేర్పక్కర్లేదు. నీ కుండ తీసుకుని నడువు!”

డబ్బా తనే వీపుకు తగిలించుకున్నాడు. కెమెరా తిరిగింది. మేస్టారు పంపు కొట్టి గొట్టం పైకెత్తాడు.

అంతే, ఆ మనిషి ఒక్క అంగలో వచ్చి గొట్టం పట్టుకుని తన రొమ్ము మీదికి తిప్పుకున్నాడు. పెనుగులాటలో డబ్బా ఊడి బోర్లా పడింది. నీళ్లన్నీ నేల పాలు. తెర కూలింది. నోవహు గడ్డం బురదలో పడింది. పిల్లలు కెవ్వుమన్నారు.

మేస్టారు ఆ మనిషి చెంప ఛెళ్లుమనిపించాడు.

“పొద్దున్నే తాగొచ్చావా? ఎంతమంది కష్టంరా ఇది!”

ఒక చెంప కొడితే రెండో చెంప చూపమని మొన్న ఆదివారం ఆ పిల్లలకే పాఠం చెప్పింది ఈయనే.

అతను చెంప తడుముకోను కూడా లేదు.

“కొట్టండి సారూ. ముందు ఆ పిల్లల చేతులు కడిగించండి,” అన్నాడు.

కుండ అక్కడే వదిలేసి, తడి చొక్కాతో వెళ్లిపోయాడు.

గౌస్ బాషా కెమెరా సర్దుకుని బస్సెక్కాడు. ఊరికి ఏం చెప్పాలా అని మేస్టారు తల పట్టుకు కూర్చున్నాడు.

పన్నెండింటికి పాస్టరుగారి భార్య రెబ్కమ్మ గొంతు వినిపించింది.

“జయరావుగారూ, ఒకసారి ఇటు రండి.”

ఒలికిన నీళ్లు గోడవార గుంటలో నిలిచాయి. ఆ గుంట చుట్టూ నాలుగు కోళ్లు మెడలు వాల్చి పడి ఉన్నాయి.

మేస్టారు బోర్లా పడున్న డబ్బా వైపు చూశాడు. ఆ నీళ్లు తను ఎనిమిది తలల మీద పోయబోయాడు. అందులో ఒక తల తన కూతురిది. అడ్డుపడిన మనిషిని తాగుబోతన్నాడు, పిల్లల ముందు కొట్టాడు. కొట్టిన చెయ్యి ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు ఆయనకు.

పిల్లలందరికీ ఒళ్లు కడిగించమని రెబ్కమ్మకు చెప్పి, పత్తిచేలకు పరుగెత్తాడు. కూలీల ముఠా పెద్ద కొండమ్మ ఒడినిండా పత్తితో ఎదురొచ్చింది.

“మీ ముఠాలో ఒకాయన, పొద్దున చర్చికి నీళ్లకొచ్చాడు...”

“వెంకయ్యా? వచ్చి ఒళ్లు కడుక్కుని, మూట కట్టుకుని కనిగిరి బస్సెక్కాడు సారూ. ఎంత అడిగినా ఏమైందో చెప్పలా.”

“నేను కొట్టానమ్మా,” అన్నాడు మేస్టారు తల దించుకుని. “మా పిల్లల్ని కాపాడినందుకు కొట్టాను. ఎంతో చదువుకున్న నాకు తట్టలేదు, ఆ డబ్బా సంగతి ఆయనకెలా తెలిసింది?”

కొండమ్మ ఒడిలోని పత్తి గట్టు మీద దించింది.

“రెండేళ్లుగా మాకు వానల్లేవు సారూ. మొన్న ఎండాకాలం నాలుగేళ్ల కూతురు వాన కావాలని మారాం చేస్తే, మందు డబ్బా కడిగి నీళ్లు పోసి, దాని నెత్తిన చల్లి ఆడించింది ఈ వెంకయ్యే, పొద్దుగూకేసరికి బిడ్డను పూడ్చుకుందీ ఆయనే.”