సముద్రానికి గాలం కట్టె

"నిజం చెప్పు రాయమల్లూ, సముద్రం ఎప్పుడైనా చూశావా?"

"చూడకేంది దొరా! బొంబాయిల మా మేనమామ ఇల్లు సముద్రం పక్కనే" అన్నాడు రాయమల్లు.

మేనమామ బొంబాయిలో ఉన్న మాట నిజమే. రాయమల్లు ధర్మపురి జాతర దాటి ఏనాడూ పోని మాట కూడా నిజమే.

మేనేజరు దొరది బందరు. రెండు రాష్ట్రాలు కలిశాక బెల్లంపల్లి బొగ్గు బాయికి కొత్తగా వచ్చాడు. రేపు సెలవు మీద ఊరికి పోతున్నాడు. సముద్రంలో గాలమేస్తానన్న సంబరంతో బంగళా వరండా నిండా గాలం కట్టెలు పరిచాడు. గోదావరిలో వాలుగ చేపలు పట్టి అప్పుడప్పుడు బంగళాకు తెచ్చిచ్చే రాయమల్లును సలహాకు పిలిపించాడు.

రాయమల్లు వచ్చింది మాత్రం వేరే పని మీద. బాయి లోపల బొగ్గు నింపే పని వదిలించుకుని, పైన లాంపు రూములో దీపాలు తుడిచే పని సంపాదించాలి. అతను బాయి దిగింది మొదలు మళ్లీ ఎక్కేదాకా ఇంటి దగ్గర భార్య సరోజనకు ముద్ద దిగదు. పొద్దున్నే చెప్పి పంపింది: "దొర ఖుషీగ ఉన్నప్పుడే అడుగు. అడిగినంక ఊకో. నీ నోరు తెరిస్తె మూతపడది, జర పైలం!"

లోపలి నుంచి అమ్మగారి గొంతు వచ్చింది: "ఒక్కటే కర్ర! అదీ ట్రంకుపెట్టెలో పట్టాలి. రెండోది కనిపించిందా, పొయ్యిలో పెడతాను!"

"విన్నావుగా?" దొర గొంతు తగ్గించాడు. "ఒడ్డున నిలబడితే పండుగప్ప, పడవెక్కితే వంజరం, అదృష్టం బాగుంటే సొర. మూడింటికీ ఒకే కర్ర కావాలి. పండుగప్ప ఎలా లాగుతుందో తెలుసా నీకు?"

అది నీళ్లలో ఉంటుందని తప్ప రాయమల్లుకు ఇంకేమీ తెలియదు. "ఎందుకెరుక లేదు దొరా? మా బామ్మర్ది లెక్క. వచ్చేటప్పుడు సప్పుడే ఉండది. తిన్నంక ఎగురుడు షురూ జేస్తడు."

"భేష్! అచ్చం అంతే, గాల్లోకి ఎగురుతుంది! మరి వంజరం?"

"పొద్దుగూకంగ కల్లు దుకానానికి పోయినట్టు ఒకటే ఉరుకుడు."

"సొర?"

"మా అత్త దొరా. పట్టుకున్నదంటే ఇడువది."

దొర తొడ చరిచి నవ్వాడు. "నిజంగానే సముద్రం చూసినవాడివయ్యా! ఇక ఎంచు."

నిలువెత్తు కట్టెలన్నీ ట్రంకుపెట్టెలో పట్టక మొదట్లోనే పోయాయి. విడదీసి మళ్లీ తగిలించే ముక్కల కట్టెలు రెండు మిగిలాయి. ఒకటి నల్లగా, నున్నగా, చూపుకే దర్జాగా ఉంది. రెండోది చీల్చిన వెదురు బద్దలు అతికించి చేసింది, వాడకానికి రంగు పోయింది. దగ్గర్లో సముద్రం లేదు గనక, తోటలో తిరుగుతున్న అమ్మగారి మేకపోతు నడుముకు గాలం దారం కట్టారు.

నల్ల కట్టెకు చెవి ఆనించి రాయమల్లు కళ్లు మూసుకున్నాడు. దొర లాగాడు. మేకపోతు అటు లాగింది. కట్టె వంగింది.

"చాలు దొరా, ఇడువుండ్రి."

"ఏం? చప్పుడైనా చేయలేదే!"

"గందుకే ఇడువమంటున్న."

దొర వినలేదు. ఇంకొక్క గుంజు గుంజాడు. కట్టె అతుకు దగ్గర ఫట్‌మని విరిగింది. సగం ముక్కను ఈడ్చుకుంటూ మేకపోతు అమ్మగారి గులాబీల్లోకి దూకింది.

"ఏమిటా చప్పుడు?" లోపలి నుంచి కేక.

"పండుగప్పే!" అని అరిచి దొర నాలుక కరుచుకున్నాడు.

మేకపోతును మళ్లీ పట్టుకొచ్చి, వెదురు కట్టెకు కట్టారు. రాయమల్లు చెవి పెట్టాడు. కట్టె వంగింది, మూలిగింది, ఇంకా వంగింది, ఇంకా మూలిగింది. మేకపోతే అలసిపోయి కూలబడింది.

"గిదే దొరా. బామ్మర్దికి, కల్లు దుకానానికి, అత్తకు, ముగ్గురికి గిదొక్కటే సాలు."

దొర ఆనందం పట్టలేక అతని భుజం మీద చెయ్యి వేశాడు. "ఏం కావాలో కోరుకో రాయమల్లూ!"

రాయమల్లు తువ్వాల నడుముకు చుట్టుకుని వంగాడు. "ఇంటిది నా మీద ఫికర్‌తోని సగమైంది దొరా. లాంపు రూముల జర జాగ ఇప్పియ్యుండ్రి."

"అంతేనా? ఇచ్చాను పో. రేపటి నుంచి నువ్వు తట్ట పట్టనక్కర్లేదు."

రాయమల్లుకు నేల మీద కాలు నిలవలేదు. దండం పెట్టి మెట్లు దిగాడు. గేటు దాకా పోయాడు.

"అన్నట్టు, ఈ చెవి విద్య బొంబాయిలో నేర్చావా?" వెనక నుంచి అడిగాడు దొర.

అవునంటే అయిపోయేది. కానీ పొద్దుటి నుంచి అన్నీ అబద్ధాలే చెప్పిన నోటికి ఒక్క నిజం చెప్పాలని దురద పుట్టింది. గేటు దగ్గర నుంచి వెనక్కి వచ్చాడు.

"బొంబాయి ఏడిది దొరా, మన బాయిలనే! కప్పు కూలకుండ నిలవెడ్తం సూడుండ్రి దుంగలు, గవి సుత గింతే. మూలిగే దుంగ మంచిది, ఇరిగే ముంగట చెప్తది. సప్పుడు చెయ్యనిదే మోసం జేస్తది. బరువు పడ్డంక సుత మూలుగుతలేదంటె నాకు సమజయితది. మొన్న గట్లనే చెవి వెట్టి ఇని, ఉరుకుండ్రని ఒర్లిన. మా జట్టు మొత్తం బయటపడ్డది. కప్పు మా ఎనుకనే కూలింది. గసొంటి చెవి గీ బాయిల ఇంకొకనికి లేదు, ఎవర్నన్న అడుగుండ్రి!"

దొర నవ్వు ఆగిపోయింది. వెదురు కట్టెనూ రాయమల్లు చెవినీ మార్చి మార్చి చూశాడు.

"ఇంత చెవి పెట్టుకుని లాంపు రూములో దీపాలు తుడుస్తావా? తప్పు కదటయ్యా! రేపటి నుంచి అందరికంటే లోతున, కప్పు కింద దుంగలకు చెవి ఆనించి కూర్చోవడమే నీ పని!"