సావుపాట

“జర ఆ పాట బందు వెట్టు బాపూ.”

పుష్పలత గొంతు వరండా అంతా వినిపించింది.

నిజామాబాద్‌లో పక్షవాతానికీ, కీళ్ల నొప్పులకూ కసరత్తులు చేయించే ఆసుపత్రి అది. ఎదురు బెంచీ మీది పెద్దాయన పాట ఆపాడు. ఒళ్లోని ఫోన్‌లో తంబూరా శ్రుతి మాత్రం మోగుతూనే ఉంది.

చేతులు జోడించి నవ్వాడు. ఒక్క మాటా అనలేదు.

పొగరు కాకపోతే ఏమిటి అనుకుంది పుష్పలత.

ఆయన పేరు వెంకటసుబ్బారావు. బోధన్ దగ్గర కాలువ కింద చెరకు పండించే ఆంధ్రా రైతు. మోకాళ్ల నొప్పులని రోజూ సాయంత్రం భార్యను తీసుకొస్తాడు. ఆమె లోపలికి వెళ్లగానే ఈయన పాట ఎత్తుకుంటాడు.

ఏదో కీర్తన. అందులో ‘రామా’ అన్న మాట దగ్గర ఆగిపోతాడు. దాన్నే కిందికీ మీదికీ తిప్పి తిప్పి పాడతాడు.

పుష్పలతది ఏర్గట్ల. అక్కడ ఎవరింటి ముందైనా తంబూరా మోగితే వేరే కబురు అక్కర్లేదు. ఆ ఇంట్లో మనిషి పోయినట్టే. పాడె లేచేదాకా ‘రామా’ అంటూ భజన సాగుతుంది.

ఆ పాట ఇక్కడ, తన తల్లి ముందు.

తల్లి లింగవ్వ పసుపు ఉడకబెడుతూ కళ్లం దగ్గరే కూలబడింది. కుడిచెయ్యి పడిపోయింది. మాట కూడా పోయింది. చెయ్యి వస్తుందన్నారు డాక్టర్లు. మాట సంగతి చెప్పలేమన్నారు.

లింగవ్వ నోట్లో నువ్వుగింజ నానేది కాదు. అలాంటి మనిషి మంచినీళ్లు కావాలన్నా కళ్లతోనే అడుగుతోంది. ఆ నోటితో ‘పుష్పా’ అని ఒక్కసారి పిలిపించుకోవాలని, కూతురు ఊరొదిలి వచ్చి ఇక్కడ గది అద్దెకు తీసుకుంది.

మర్నాడు పుష్పలత మందులు తెచ్చేసరికి ఆయన బెంచీ వదిలి లింగవ్వ ఎదురుగా కూర్చుని ఉన్నాడు.

ఆమె ఎడమచెయ్యి పట్టుకుని మెల్లగా తాళం వేయిస్తున్నాడు. ఆమె ముఖంలోకి చూస్తూ పాడుతున్నాడు.

లింగవ్వ కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి.

పుష్పలత ఒళ్లు మండిపోయింది.

“ఏం మనిషివయ్యా నువ్వు? మా అవ్వ సచ్చిందా? బతికున్న మనిషి ముంగట సావుపాట పాడుతవా?”

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు. గుండెల మీద అరచెయ్యి వేసుకుని, లింగవ్వను చూపించి, మళ్లీ ఆ పాటే ఎత్తుకున్నాడు.

“మాట్లాడమంటే పాడుతవేంది? ఎక్కిరిస్తున్నవా?”

పాట ఆగింది. ఆయన తల వంచుకుని బెంచీ దగ్గరికి వెళ్లిపోయాడు.

కసరత్తులు చేయించే స్నేహలతకు ఫిర్యాదు చేసింది పుష్పలత.

“ఎందుకక్కా లొల్లి? వాళ్లను పొద్దుగాల రమ్మంట తియ్యి,” అంది స్నేహలత.

మర్నాటి నుంచి ఆయన కనిపించలేదు. పీడ పోయిందనుకుంది పుష్పలత.

కానీ సాయంత్రమైతే చాలు, లింగవ్వ స్థిమితంగా ఉండటం లేదు. ఎడమచెయ్యి మంచం పట్టె మీద కొడుతుంది. అన్నం పెడితే మొహం తిప్పుకుంటుంది. ఆ కొట్టడం తాళమని తెలియడానికి పుష్పలతకు చాలా రోజులే పట్టింది.

ఇష్టం లేకుండానే ఫోన్‌లో ఒక కీర్తన పెట్టింది.

లింగవ్వ అన్నం తిన్నది.

మొదట్లో పుష్పలతకు అదంతా ఒకే ఏడుపులా వినిపించింది. చెవుల్లో దూది పెట్టుకోవాలనిపించింది. అయినా తల్లి కోసం రోజూ పెట్టింది. రానురాను గొంతు ఎక్కడ మలుపు తిరుగుతుందో ముందే తెలియసాగింది. ఆ మలుపు కోసం బియ్యం ఏరుతున్న చెయ్యి తనకు తెలియకుండానే ఆగేది. అది చావుపాట కాదని ఆమెకు ఎవరూ చెప్పలేదు. వినీ వినీ తెలిసింది.

తల్లి చెయ్యి పట్టుకుని, ఆయన చేసినట్టే తాళం వేయించింది. తను కూడా గొంతు కలిపింది.

ఒక సాయంత్రం లింగవ్వ పెదాలు కదిలాయి.

“రా... మా...”

అది పాటే. కానీ మాట కూడా. తర్వాత కొన్నాళ్లకు అదే బాణీలో, సాగదీస్తూ, “పుష్... పా...” అంది.

తల్లి ఒళ్లో తల పెట్టి పుష్పలత ఏడ్చేసింది. ఇన్నాళ్లూ ఆపుకున్నదంతా ఆ ఏడుపులో పోయింది.

ఏడుపు తగ్గాక ఆ పెద్దాయన గుర్తొచ్చాడు. సిగ్గేసింది. వాళ్లు ఈమధ్య రావడం లేదంటూ స్నేహలత ఇచ్చిన చిరునామా పట్టుకుని, మర్నాడే బోధన్ బస్సెక్కింది.

అరుగు మీద ఆయన భార్య నాగకుమారి ఒక్కతే కూర్చుని ఉంది. పుష్పలత తానెవరో చెప్పింది. తల్లికి మాట వస్తున్న సంగతీ చెప్పింది.

“బాపు లేడా అమ్మా? కాళ్లు మొక్కి పోదామని వచ్చిన.”

“నిన్ననే నెల మాసికం పెట్టామమ్మా. నిద్రలోనే పోయారు.”

పుష్పలత ఆమె పాదాల దగ్గర మెట్టు మీద కూర్చుంది.

“ఎన్నెన్ని మాటలన్ననో అమ్మా. పాడితే మాట తిరిగొస్తదని ఒక్క ముక్క చెప్తే నేను ఆపుతుంటినా? గంతగనం తిట్టినా నోరు మెదపలే.”

నాగకుమారి దగ్గరికి జరిగి, ఆమె చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

“ఆయనెలా చెబుతారమ్మా? మీ అమ్మకొచ్చిన జబ్బే ఆయనకీ వచ్చింది. చెయ్యీ కాలూ బాగుపడ్డాయి గానీ, పోయేదాకా ఆయన నోట పాటలో తప్ప ఒక్క మాట పలికింది లేదు.”