నీటి మీద గుర్తు

చలికాలపు మంచు ఈసారి, నీటి మీద గుర్తుగా తేలే బోయాను ఎత్తుకుపోయింది.

మే నెల వచ్చినా సుపీరియర్ సరస్సు ఇంకా ఎముకలు కొరుకుతోంది. మునిగిన ‘క్లారా డెన్‌హోమ్’ ఓడ పక్కన, అడుగున ఒక కాంక్రీటు దిమ్మ ఉంది. దాని గొలుసుకి కొత్త బోయా కట్టాలి. లేకపోతే ఆ ఓడని చూడవచ్చే పడవలు, కట్టుకోవడానికి బోయా లేక ఓడ మీదే లంగరు వేసి, మిగిలిన రెయిలింగుల్ని ఊడబెరుకుతాయి.

మారిట్ బడిలో లెక్కలు చెబుతుంది. డ్వేన్‌ది బేకరీ. పదిహేనేళ్లుగా జీతం లేని ఈ పని వాళ్లిద్దరిదీ.

రెండుసార్లు దిగారు. పోయినేడు శాటిలైటు చూపిందని రాసుకున్న చోట ఉత్త బురదే తగిలింది.

వేడి సూప్ కోసం రేవులో వెర్నా హోటల్‌కి వచ్చారు. కిటికీ దగ్గర ఒక ముసలాయన.

“దొరకలేదా?”

“మీకెలా తెలుసు?”

“మొహాలు చెప్పట్లా! పడవలోంచి చూస్తే చర్చి గోపురం ధాన్యం గోదాము వెనక దాక్కోవాలి. లంక తోక లైట్‌హౌస్‌ని తాకాలి. అక్కడ దిగండి.”

డ్వేన్ నవ్వాడు. “శాటిలైటుకే దొరకనిది చర్చి చెబుతుందా తాతా?”

“శాటిలైటు మొన్న పుట్టింది నాయనా.”

“రేపట్నుంచి పడవలొస్తాయి. నవ్వింది చాలు, పద,” అంది మారిట్. “మీరూ రండి, చూపిద్దురుగాని.”

“నేను పడవెక్కనమ్మా.”

గోపురం దాక్కుంది. లంక తోక తాకింది. ఇద్దరూ దూకారు.

ఎనభై అడుగుల కింద, పచ్చటి చీకట్లో, మారిట్ చేతికి గొలుసు తగిలింది.

వేళ్లు మొద్దుబారాయి. కొక్కెం బిగించడానికి పన్నెండు నిమిషాలు పట్టింది. పైన తెల్లటి బోయా నిటారుగా లేచి నిలబడింది.

“చర్చికి జై!” అని కేకేశాడు డ్వేన్.

తిరిగొచ్చేసరికి కిటికీ దగ్గర కుర్చీ ఖాళీ.

“ఏడీ మా తాత? ఆయనకి నా చేత్తో చేసిన కేకు బాకీ!”

“బోయా లేవడం నా బైనాక్యులర్‌లో చూసి బస్సెక్కేశాడు,” అంది వెర్నా. “ఏటా మేలో వచ్చి చూసి పోతాడు. ఇదే ఆఖరుసారట. డాక్టర్లు చెప్పేశారు.”

మారిట్ సూప్ గిన్నె పక్కన పెట్టింది.

“ఆ గుర్తులు అంత కచ్చితంగా ఎలా చెప్పాడు?”

వెర్నా ఖాళీ కుర్చీని బల్ల కిందికి నెట్టింది.

“క్లారా ఓడ మునిగిన పొద్దున, ఆ రెండు గుర్తులే చూసుకుంటూ చుక్కాని పట్టింది ఆయనే.”