ఆకుపచ్చ దారం

"ఇది చేత్తో కుట్టిందా, కాలితో కుట్టిందా? ముందు అది చెప్పమను" అంటూ రెస్తితూతా ఆ గ్లౌజును భోజనాల బల్ల మీదికి విసిరింది. అది తురిమిన జున్ను గిన్నె పక్కన వెల్లకిలా పడింది.

"పొద్దుట్నుంచీ ఇదే గొడవ. ఇంక వదిలెయ్యమ్మా" అన్నాడు కొడుకు సబతీనో.

"తిప్పి పంపింది నేనా? మీ మేస్త్రి. మూడు నెలల్లో ఇది నాలుగో జత."

నేపుల్స్‌లో, సనితా పేటలోని ఆ ఇంట్లో మగవాళ్లు తోలు కోస్తారు, ఆడవాళ్లు కుడతారు. కార్ఖానా నుంచి సబతీనో తెచ్చేది పెరూ అడవిపంది తోలు. దొరకడమే కష్టం. సూది ఒకసారి తప్పు చోట దిగిందంటే ఆ చిల్లు మరి పూడదు. విప్పి కుట్టడమన్న మాటే లేదు. ఏ జత ఎవరిదో తెలియడానికి మణికట్టు అంచు లోపల గుర్తు దారం ఉంటుంది. అత్తది ఎరుపు, కోడలిది ఆకుపచ్చ. బల్ల మీద పడిన గ్లౌజులోంచి ఆకుపచ్చ దారం వేలాడుతోంది.

"ఇకమీదట ఇంటికి ఒక్కరికే తోలు ఇస్తారట. ఎవరి పేరు ఉంచాలో రేపు చెప్పమన్నాడు" అన్నాడు సబతీనో.

"చెప్పడానికేముందిరా, దీని పేరు కొట్టేయమను. గొర్రెలు కాసుకునే కొండ మీంచి తెచ్చుకున్నావు. పాలు పితికే వేళ్లకి సూదెందుకు? శనివారం మూట కట్టడం, ఇద్దరి జతలకీ గుర్తు దారాలు వెయ్యడం. ఆ రెండు పనులకీ పనికొస్తుంది, అంతే."

కోడలు లోరెదానా పొయ్యి మీద సాసు కలుపుతూ, వెనక్కి తిరక్కుండానే అంది. "కొట్టేయమనండి అత్తయ్యా."

"విన్నావురా? సిగ్గన్నా లేదు."

"మాకరోనీ ముద్దయిపోతోంది" అన్నాడు మామగారు మిమ్మీ. "పేర్ల సంగతి తిన్నాక చూసుకోవచ్చు."

"నీకేం, తింటావు. నాలుక చచ్చినవాడివి. ఆరేళ్లుగా ఈ సాసు మింగి బతికున్నావంటేనే తెలుస్తోంది."

ఆమె గ్లౌజు తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్లింది. కళ్లకు ఆనించినంత దగ్గరగా పెట్టుకుంది. "ఈ అద్దాలు తుడిచి ఎన్నాళ్లయిందే? పట్టపగలు ఇల్లంతా చీకటి."

సబతీనో అద్దాల వైపు చూశాడు. ఎదురు మేడ మీద ఆరేసిన చొక్కాల గుండీలు కూడా కనిపిస్తున్నాయి. అతను రొట్టె తుంచుకున్నాడు.

"బొటనవేలి లోపల చూపిస్తానుండు. పని తెలిసిందీ లేనిదీ బయటపడేది అక్కడే. దారం ఎడమకి రెండు చుట్లు తిప్పి, కొస తోలు కిందికి తొయ్యాలి. మా అమ్మ నేర్పిన ముడి. ఈ పేటలో నాకు తప్ప ఎవరికీ రాదు. కాపురానికొచ్చిన కొత్తలో నేర్పమని వెంటపడింది. నీ వేళ్లకి రాదు పొమ్మన్నాను. ఇప్పుడు దీని ముడి చూడు, ఎలా ఏడ్చిందో..."

వేలు లోపలికి పోనిచ్చింది.

వేలు లోపల ఒకసారి కదిలింది. మళ్లీ కదిలింది. ఎడమకి రెండు చుట్లు. కొస తోలు కింద.

రెస్తితూతా మూలనున్న మూట దగ్గరికి వెళ్లింది. రేపు కార్ఖానాకి పోవలసిన జతలవి, నిన్న లోరెదానా కట్టిపెట్టింది. ఎర్ర దారం ఉన్న జత ఒకటి పైకి తీసి, దాని బొటనవేలిలో వేలు పెట్టింది. కుట్టు తీర్చిదిద్దినట్టు ఉంది. లోపల మాత్రం గొర్రె మెడకి కట్టినట్టు మొద్దు ముడి. ఇంకో ఎర్ర దారం జత తీసింది. అందులోనూ మొద్దు ముడే.

పొయ్యి దగ్గర గరిటె చప్పుడు ఆగింది.

"ఏమైంది?" అన్నాడు మిమ్మీ.

"నీకెందుకు, కూర్చో."

మూట మళ్లీ కట్టింది. గోడ పట్టుకుని పొయ్యి దగ్గరికి వచ్చింది. కోడలు తల ఎత్తలేదు. రెస్తితూతా ఆమె చేతిలోంచి గరిటె లాక్కుని, సాసు రుచి చూసి, మొహం చిట్లించింది.

"ఒరేయ్ సబతీనో" అంది, గొంతు పెంచకుండా, అందరికీ వినబడేలా. "రేపు మేస్త్రితో నా పేరు తీసేయమని చెప్పు. రేపట్నుంచి వంటిల్లు నాది. ఆరేళ్లు దీని వంట తిని తిని నా కళ్లు పోయాయి."