ముప్పై ఒకటో రిఫరెన్సు

"కామా ఉండాల్సిన చోట చుక్క పెట్టావు. నీకు డిగ్రీ ఎవరిచ్చారమ్మా?" గైడ్ ఎర్రపెన్నుతో సున్నా చుట్టాడు.

పరిశోధక విద్యార్థిని చుక్కను కామాగా దిద్దింది. రిఫరెన్సులు సరిచేసి సాయంత్రంలోగా పంపకపోతే జర్నల్ వాళ్లు ఆమె వ్యాసాన్ని పక్కన పడేస్తారు. అది అచ్చయితేనే థీసిస్ ముందుకు కదులుతుంది.

"ముప్పై ఒకటో రిఫరెన్సుకి జర్నల్ వాళ్లు పేజీ నంబరు అడిగారు సార్."

"వెతుక్కో. అదీ నేనే చెప్పాలా?"

"అది మీ వ్యాసమే సార్. ఇరవై ఏళ్ల కిందట మీ పుస్తకంలో, అది ఒక పత్రికలో రాబోతోందని, 'అచ్చులో ఉంది' అని రాశారు. అది చూసి నలభై మంది దాన్ని ఉదహరించారు. ఆ పత్రిక సంచికలన్నీ తిరగేశాను. ఎక్కడా లేదు."

గైడ్ తలుపు వైపు చూశాడు. "రాద్దామనే అనుకున్నాను. కుదర్లేదు."

"తీసేయనా?"

"పిచ్చా నీకు? నా పేరు నిలబెట్టిందే అది!"

"ఒకాయన ఆ వ్యాసం నూట పన్నెండో పేజీలో ఉన్నాయంటూ మీ మాటలు కూడా ఎత్తి రాశాడు సార్."

ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. "ఏమన్నానట?"

ఆమె ఫోటోకాపీ చూసి చదివింది. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు.

"బాగా చెప్పాను," అన్నాడు. "నూట పన్నెండు వేసెయ్. పక్కన కామా మర్చిపోకు."

మూడేళ్లుగా తాను భయపడింది ఈ మనిషికా అనుకుంది ఆమె. బల్ల మీది ఎర్రపెన్ను అందుకుని ముప్పై ఒకటిని అడ్డంగా కొట్టేసింది.

"ఇక కామాతో పనిలేదు సార్."