బండోడి మాత్ర

"నీ కాళ్లు పట్టుకుంటాన్రా, నోరు తెరు నాయనా!"

మా టైలర్ నేల మీద బోర్లా పడి తన కుక్కను బతిమాలుతున్నాడు. జ్వరంతో మూలుగుతున్న బండోడు మాత్రను మళ్లీ అతని చొక్కా మీదే ఉమ్మేశాడు.

మా వీధిలో కుక్కల్ని పెంచేవాళ్లం ఒకరికొకరం ఇలా సాయం వెళ్తుంటాం. "ముందు నువ్వు మింగి చూపించవయ్యా. మా దానిదీ ఇదే వరస," అన్నాను.

"కుక్క మాత్ర నేను మింగాలా అన్నయ్యా?"

"మీరు ముట్టుకోకుండా పడేసిన బీపీ మాత్రలున్నాయిగా," అంటూ అతని భార్య ఒకటి తెచ్చి చేతిలో పెట్టింది.

"నాకేం రోగం? గుండ్రాయిలా ఉంటేనూ!" అని గొణుగుతూనే టైలర్ దాన్ని మింగి, నోరు బార్లా తెరిచి నాలుక చూపించాడు. బండోడు నోరంతా వాసన చూసి, తనదీ గుటుక్కున మింగేశాడు. టైలర్‌కి కళ్లనీళ్లు తిరిగాయి.

నేను బయల్దేరితే ఆమె గేటు దాకా వచ్చింది.

"అన్నయ్యగారూ, బండోడికి వారం రోజులే వాడమన్నాడు డాక్టరు."

"చాలమ్మా, తగ్గిపోతుంది."

"బతికినంత కాలం వాడాలని ఆయనతో చెప్పరూ? వారం దాటాక దానికి మాత్ర బదులు బిస్కెట్ ముక్క వేస్తాను."

నేను వెనక్కి తిరిగి, "టైలరూ, అసలు మాట మర్చిపోయానయ్యా!" అని కేకేశాను.