తాతకు ఎర్ర బొట్టు

"ఎవరమ్మా గీడ మూడో తరగతికి పాఠం చెప్పేది?"

ముత్తవ్వ కేకకు రాయికల్ బడిలో ఆ గది గదంతా ఉలిక్కిపడింది. ఆమె వెనకాల భర్త మొండయ్య, తువాలను కనుబొమ్మల దాకా చుట్టుకొని నిలబడ్డాడు.

సుమలత టీచర్ చేతిలోంచి చాక్‌పీసు జారిపడింది. ఆమె ఈ బడికి కొత్త. ఊళ్లో ఇంతవరకు ఎవరితోనూ మాట పడలేదు.

"నేనే అవ్వా. ఏమైంది?"

"ఏమైందా? ఓ, నువ్వు తువాల తియ్యి!"

మొండయ్య నసుగుతూ తువాల తీశాడు. నుదుటి మీద గుండ్రంగా, ఎర్రగా ఒక స్టిక్కర్ బొట్టు! పిల్లలు కిసుక్కుమన్నారు.

"పండుకున్నప్పుడు నా మనుమరాలు అంటువెట్టింది. తెలువక గట్లనే చాయ్ హోటల్‌కు పోయిన. అందరు ఒకటే నవ్వుడు. మీకు సూపెట్టాల్నని పీకలే" అన్నాడు మొండయ్య.

సుమలతకు విషయం అర్థమైపోయింది. ఇంట్లో ప్రాణమున్న వాటికి పచ్చ బొట్టు, లేని వాటికి ఎర్ర బొట్టు అంటించి రమ్మని నిన్న పిల్లలకు చెప్పింది తనే.

"రిషితా, లే! తాతకు ఎర్ర బొట్టెందుకు పెట్టినవ్?"

మనుమరాలు బెదరకుండా లేచింది. "ప్రాణమున్నయి కదుల్తయని మీరే చెప్పిండ్రు టీచర్. తాత మంచం మీదికెల్లి కదలడు."

"తింటడు కదా?"

"అవ్వ తెచ్చి పెడితేనే తింటడు. మిక్సీ గూడ మనం ఏస్తెనే తింటది."

"పిలిస్తే పలుకుతడు కదా?"

"ఫోన్ల రీల్స్ చూసేటప్పుడు పలుకడు టీచర్. ఛార్జింగ్ అయిపోతెనే లేస్తడు."

గది గొల్లుమంది. నవ్వు ఆపుకోలేక సుమలత పెదవి కొరుక్కుంది.

"మరి పచ్చ బొట్టు దేనికి పెట్టినవే?"

"ఇడ్లీ పిండికి! ఒక్క రాత్రిల గిన్నె నిండ పెరిగింది టీచర్!"

పిండి కంటే తీసిపోయానా అని మొండయ్యకు రోషమొచ్చింది. తువాలను నడుముకు బిగించి బల్లల మధ్యకు దూకాడు. "ఇగో, సూడుండ్రి! కదుల్తున్ననా లేదా?" అంటూ గుంజీలు మొదలుపెట్టాడు. మోకాళ్లు పటపటమన్నా ఆగలేదు. చేతులూపుకుంటూ గది చుట్టూ ఉరికాడు. పిల్లలు బల్లలెక్కి చప్పట్లు చరిచారు.

"ప్రాణమున్నది! తాతకు ప్రాణమున్నది!"

రిషిత పరుగున వచ్చి ఎర్ర బొట్టు పీకేసి పచ్చ బొట్టు అంటించింది. మొండయ్య రొప్పుతూనే రొమ్ము విరిచాడు. "హోటల్ కాడ అందరికి సూపెట్టి వస్త" అంటూ తల ఎత్తుకొని వెళ్లిపోయాడు.

ముత్తవ్వ మాత్రం గడప దగ్గర్నుంచి కదల్లేదు. సుమలత బెరుగ్గా ఆమె దగ్గరికి వచ్చింది.

"తప్పయింది అవ్వా. ఇగ గిసొంటి పాఠం చెప్ప."

ముత్తవ్వ గేటు దాకా తొంగిచూసింది. ఆయన మలుపు తిరిగాక, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని గుసగుసగా అంది:

"అయ్యో, ఆపకు బిడ్డా! ప్రాణమున్నయి తిన్న కంచం అవే కడుక్కుంటయని రేపు చెప్పరాదు?"